చక్కెర రాకముందు మన తీపి



చెరకు తియ్యగా ఉందని వేళ్ళతో సహా నమలకూడదన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన కాలంలో చెరకు ప్రతి పొలంలోనూ లేదు, చక్కెర ప్రతి వంటింట్లోనూ లేదు. ఇప్పుడు చక్కెర లేని ఇల్లు లేదు. చక్కెర జబ్బు లేని వీధి కూడా లేదు. పండుగనాడు అందరి ఆకుల్లోనూ ఒబ్బట్టు వడ్డించి, ఇంటి పెద్దాయన ఆకు దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకునే ఇళ్ళు మన మధ్య ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో దాదాపు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని ఆ లెక్క తేల్చింది. అంటే పెద్దవాళ్ళలో నూటికి పదకొండు మందికి పైమాటే.

ఆ పెద్దాయన ఆకులో వడ్డించదగిన తీపి ఏదీ లేదా? హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పాత వంటిళ్ళను అడిగితే, ఉందనే చెబుతాయి. అదేమిటో, దాన్ని మనం ఎలా మరిచిపోయామో ఈరోజు చెప్పుకుందాం.

ముందు చక్కెర సంగతి. చక్కెర మనకు పరాయిది కాదు. శర్కర అనే సంస్కృత మాటే అరబ్బుల నోట సుక్కర్ అయింది, అక్కడి నుంచి ఐరోపాకు వెళ్ళి షుగర్ అయింది. చెరకు రసాన్ని కాచి గట్టి పలుకులుగా చేసే విద్య మన దేశంలోనే పెరిగింది. క్రీస్తు శకం 647లో చైనా చక్రవర్తి తాయ్‌జుంగ్ ఆ విద్య నేర్చుకు రమ్మని మగధకు మనుషులను పంపాడని చైనా చరిత్రలు చెబుతున్నాయి. అయితే విద్య దేశంలో ఉండడం వేరు, సరుకు పల్లెకు రావడం వేరు. చెరకుకు నీరు కావాలి. మనది మెట్టసీమ. చెరువు కింద తడి ఉన్నచోట కాస్త చెరకు, కాస్త బెల్లం. ఆ బెల్లం కూడా పండుగకూ, పెళ్ళికీ, జాతరకూ దాచుకున్న వస్తువే.

మన సీమ చరిత్ర కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. బారామహల్ అని పేరున్న కృష్ణగిరి ప్రాంతం 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను చేతి నుంచి ఇంగ్లీషు కంపెనీకి వచ్చింది. హోసూరు వైపు 1799 తర్వాత కలిసింది. ఆ తరువాత చాలాకాలం ఇదంతా సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా పళ్ళెంలో తిండి మాత్రం మారలేదు. అది రాగి. ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. మనకు రాగులు. తెలుగువాడి సంగటి, తమిళుడి కళి, కన్నడిగుడి ముద్ద, మూడూ ఒకే పిండి. తూర్పు ఆఫ్రికా కొండల్లో పుట్టి వేల ఏళ్ళ క్రితమే మన దేశానికి చేరిన ఈ గింజ, పాతరలో పోస్తే ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో సేలం జిల్లా ఎంత దెబ్బతిన్నదంటే, 1871 జనాభా లెక్క కన్నా 1881 లెక్క తక్కువ తేలింది. అలాంటి సీమలో తీపి అనేది కొనుక్కొచ్చి కలిపే వస్తువు కాదు. ఉన్న గింజలోంచి, గడ్డలోంచి, పండులోంచి బయటికి రప్పించుకోవలసిన వస్తువు. అందుకు మనవాళ్ళకు తెలిసిన దారులు ముఖ్యంగా మూడు. మొలక, నిప్పు, ఎండ.

మొదటిది మొలక. రాగులు రాత్రంతా నానబెట్టి, నీరు వంచి, తడిగుడ్డలో మూటగట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే తెల్లగా మొలక వస్తుంది. నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చి, చెరిగి, దోరగా వేయించి విసిరితే మొలకల పిండి. పసిబిడ్డకు మొదటి జావ ఇదే, బాలింతకు బలం ఇదే. ఈ పిండి జావ నోట్లో పెట్టుకుంటే, ఏమీ కలపకపోయినా సన్నని తీపి తగులుతుంది. ఎందుకంటే మొలకెత్తేటప్పుడు గింజ తన పిల్లమొక్కకు ఆహారం సిద్ధం చేసుకుంటుంది. అందుకు ఎమిలేజ్ అనే పదార్థం పుట్టి గింజలోని పిండిని తియ్యటి మాల్టోజ్‌గా విడగొడుతుంది. తీపి బయటి నుంచి రాలేదు, గింజే తనకోసం వండుకున్నది. మైసూరులో 1950లో ప్రారంభమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు మొలక రాగుల మీద పరిశోధన చేసి, ఈ పనికి చిరుధాన్యాల్లో రాగి ఎంతో తగినదని చూపించారు. మన అవ్వలకు ఎమిలేజ్ పేరు తెలియదు, దాని పని తెలుసు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్పాలి. మొలకల పిండిని మరిగే నీటిలో ఒక్కసారి వేస్తే ఆ తియ్యదనం పూర్తిగా రాదు. మరుగు వేడికి ఎమిలేజ్ చచ్చిపోతుంది. పిండిని చన్నీళ్ళలో కలిపి, సన్నని సెగ మీద, వేలు పెడితే చురుక్కుమనేంత వేడి దగ్గర ఒక అరగంట నిలిపి, ఆ తర్వాత మరిగించండి. జావ పలుచబడుతుంది, తీపి పెరుగుతుంది. అందులో కొబ్బరిపాలు, ఏలకుల పొడి వేసి, బాగా మగ్గిన అరటిపండు సగం మెదిపి కలిపితే పాయసమనే అంటారు.

రెండవది నిప్పు. కోస్తాలో చిలగడదుంప అనేది మన వైపు గెనుసుగడ్డ. ఇది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి వచ్చి మెట్టనేలలో ఇంటిదైపోయింది. దీన్ని నీళ్ళలో గబగబా ఉడికిస్తే ఒక రుచి, వంట అయిపోయిన పొయ్యిలో నివురు కింద పూడ్చి వదిలేస్తే ఇంకొక రుచి. నివురు వేడి మెల్లగా ఎక్కుతుంది. ఆ మెల్లని వేడిలో, రాగి మొలకలో జరిగిన పనే గడ్డలోనూ జరుగుతుంది, పిండి మాల్టోజ్ అవుతుంది. అందుకే తొక్క పగిలి పాకం లాంటి జిగురు కారుతుంది. ఆ పాకం ఎవరూ పోసింది కాదు. గ్యాసు పొయ్యి మీద కూడా మందపాటి మూకుడులో మూతపెట్టి, సన్నని మంట మీద ముప్పావు గంట ఉంచితే ఆ రుచికి దగ్గరగా వస్తుంది.

మూడవది ఎండ. మామిడి మన జిల్లాకు పేరు తెచ్చిన పంట. సెందూర, బేనీషా, మల్గోవా, నీలం, అన్నిటికన్నా ఎక్కువగా మనం బెంగుళూర అని పిలిచే తోతాపురి. పండు గుజ్జును చాప మీద పలుచగా పూసి, ఎండిన తర్వాత దాని మీద మళ్ళీ పూసి, పొర మీద పొర ఎక్కిస్తే తాండ్ర. ఆత్రేయపురం తాండ్ర పేరు మీరు విని ఉంటారు. అంగడి తాండ్రలో చక్కెరో బెల్లమో కలపడం మామూలే. కానీ బాగా మగ్గిన పండుకు ఆ అవసరం లేదు. నీరు పోతుంది, పండు తీపి మిగులుతుంది. అంతే విద్య.

ఈ మూడు కాక పాలున్నాయి. హోసూరు పశువులకు పేరున్న ఊరు. 1824లో కంపెనీ సైన్యానికి గుర్రాల కోసం పెట్టిన క్షేత్రమే తర్వాత పశువుల క్షేత్రమైంది. ఒక లీటరు పాలను అడుగంటకుండా సగానికి మరిగిస్తే పాలలో సహజంగా ఉన్న తీపే చిక్కబడుతుంది. వేయించి విసిరిన రాగి పేలపిండిని ఆ పాలలో కలుపుకోవచ్చు. మన కన్నడ ఇరుగుపొరుగువారు ఆ పిండినే హురిహిట్టు అంటారు.

మరి ఈ విద్య ఎక్కడ జారిపోయింది? చక్కెర ఒక్కరోజులో రాలేదు. 1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి చిన్న రైలు పడింది. మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా వచ్చిన రైలు 1913లో హోసూరు చేరింది. కరువు రోజుల్లో ధాన్యం చేరవేయడానికి వేసిన దారులవి. తర్వాత ఆ రెండూ ఆగిపోయాయి. కానీ దూరపు సరుకు మన సంతకు రావడం ఆగలేదు. ఆ రోజుల్లో మన దేశం తెల్ల చక్కెరను జావా నుంచి తెప్పించుకునేది. 1932లో ప్రభుత్వం దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం వేయగానే, దేశంలో నాలుగైదు ఏళ్ళలోనే చక్కెర మిల్లుల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో చక్కెరకు కంట్రోలు వచ్చింది, తర్వాత రేషను కార్డు వచ్చింది. కార్డులో రాసిన వస్తువును వదులుకునే ఇల్లు ఉంటుందా? అవసరం ఉన్నా లేకున్నా నెలనెలా తెచ్చుకున్నాం.

అసలు మార్పు మాత్రం కాఫీ, టీలతో వచ్చింది. అంతకుముందు తీపి పండుగకు వచ్చేది. లోటాలోకి చక్కెర దిగాక తీపి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రావడం మొదలుపెట్టింది. 1970లలో హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలిసింది. షిఫ్టు డ్యూటీలు, వీధి మలుపున టీ అంగళ్ళు, బెంగుళూరు తరహా బేకరీలు వచ్చాయి. నాలుక పదును తగ్గింది. రోజూ నాలుగు లోటాల చక్కెర రుచి మరిగిన నాలుకకు రాగి మొలకలోని సన్నని తీపి తెలుస్తుందా? తెలియదు. అందుకే ఆ వంటలు చప్పగా ఉన్నాయనుకుని వదిలేశాం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే ఈ ప్రసంగం మేలు కన్నా కీడు చేస్తుంది. చక్కెర కలపలేదు అంటే చక్కెర లేదు అని కాదు. బెల్లం ఆరోగ్యమని చక్కెర మాని బెల్లం గుమ్మరించేవాళ్ళున్నారు. రక్తానికి బెల్లమూ చక్కెరే, తేనె కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహాలో కలిపిన చక్కెరతో పాటు తేనెను, పండ్ల రసాన్ని కూడా లెక్కలో చేర్చింది. ఇవన్నీ కలిపి రోజుకు సుమారు 25 గ్రాములకు, అంటే ఆరు చిన్న చెంచాలకు మించకపోతే మరింత మంచిదని చెప్పింది. పండును పండుగా తింటే ఆ లెక్కలో పట్టలేదు. తాండ్ర సంగతి చూడండి. కిలో తాండ్రకు అయిదారు కిలోల గుజ్జు పడుతుంది. వేలెడంత ముక్కలో ఒక పండు తీపి దాగి ఉంటుంది. రాగి జావ, గెనుసుగడ్డ కూడా రక్తంలో చక్కెరను పెంచేవే. జావ ఎంత పలుచబడితే అంత త్వరగా పెంచుతుంది. కాబట్టి మధుమేహం ఉన్నవాళ్ళు వీటిని భోజనం మీద అదనంగా కాక, భోజనంలో కొంత తగ్గించి, కొద్దిగా తినాలి. మందు వాడుతున్నవాళ్ళు డాక్టరు గారిని అడిగే తినాలి.

అయితే వీటి వల్ల లాభమేమిటని మీరు అడగవచ్చు. తెల్ల చక్కెర తీపి ఒక్కటే ఇస్తుంది. నూరు గ్రాముల రాగిలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలిష్ పట్టిన బియ్యంలో పదికి లోపే. గెనుసుగడ్డలో పీచుంది, నువ్వుల్లో నూనె, కాల్షియం ఉన్నాయి. ఈ తీపి కడుపు నింపుతుంది, అందుకే ఒక గిన్నెతో చాలనిపిస్తుంది. రెండేళ్ళ లోపు బిడ్డకైతే చక్కెర అసలు కలపవద్దనే వైద్యులు చెబుతున్నారు. ఆ వయసులో రాగి మొలక తీపికి అలవాటైన నాలుక పెద్దయ్యాక కూడా ఎక్కువ తీపి అడగకపోవచ్చు.

ఇందులో రైతు సంగతి కూడా ఉంది. 2025 వేసవిలో తోతాపురి ధర కూలిపోయింది. చిత్తూరు జిల్లా అధికారులు పొరుగు రాష్ట్రాల కాయను రానివ్వబోమని ఆంక్ష పెట్టారు. సరిహద్దు మీద బతికే మనకు దాని బాధ వేరే చెప్పనక్కర లేదు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు వైపే చూసే పంట, ఆ గేటు మూసుకుంటే తోటలోనే రాలిపోతుంది. ఇంటింటా నాలుగు చాపల తాండ్ర ఆ నష్టమంతా పూడ్చలేదు, కానీ మగ్గిన పండు కుళ్ళిపోకుండా కొంతైనా నిలుపుతుంది. రాగికి మాత్రం మంచి రోజులు కనిపిస్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడు తమిళనాడు ప్రభుత్వం నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషను కార్డు మీద బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకనాడు చక్కెరను మన ఇంటికి తెచ్చిన కార్డే రాగిని వెనక్కి తెచ్చింది.

వచ్చే పండుగకు ఒక పని చేసి చూడండి. ఒబ్బట్టు మానమని నేను అనడం లేదు. దాని పక్కన ఒక చిన్న గిన్నెలో మొలక రాగి పాయసం కూడా పెట్టండి. వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి, రెండు ఖర్జూరాలు దంచి కట్టిన చిన్న ఉండ ఒకటి పెట్టండి. ముందు ఇంటి పెద్దాయనకు, ఆయనకు తగినంత, అందరి వరసలోనే కూర్చోబెట్టి వడ్డించండి. పిల్లలకూ అదే పెట్టండి. మొదటిరోజు చప్పగా ఉందంటారు. వారం రోజులు కాఫీలో చెంచా చక్కెర తగ్గించి మళ్ళీ పెట్టండి. గింజలోని తీపి వాళ్ళ నాలుకకు దానంతటదే తెలుస్తుంది.