ముక్కూ నోరూ మూసిన గుడ్డ

కోవిడ్ రోజుల్లో మందుల షాపు ముందు నిలబడి మాస్కు కొనుక్కున్న ప్రతివారూ మనసులో వేసుకున్న ప్రశ్న ఒకటే: "ఇది కట్టుకుంటే నాకు జబ్బు రాకుండా ఉంటుందా?" సహజమైన ప్రశ్నే. కాని మాస్కు పుట్టింది ఈ ప్రశ్నకు జవాబుగా కాదు. కట్టుకున్న మనిషిని కాపాడడానికి కాక, అతని ఎదుట ఆపరేషన్ బల్ల మీద స్పృహ లేకుండా పడుకుని ఉన్న మరో మనిషిని కాపాడడానికి అది పుట్టింది. ఎవరిని ఎవరి నుంచి కాపాడాలన్న ఈ విషయంలో గత నూట పాతికేళ్ళలో డాక్టర్లూ, ప్రభుత్వాలూ, ప్రజలూ పలుమార్లు అభిప్రాయాలు మార్చుకున్నారు. ఆ మార్పుల్లో కొన్ని ప్రాణాలు తీశాయి కూడా.

1897లో బ్రెస్లౌ నగరం జర్మనీలో ఉండేది. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో కార్ల్ ఫ్లూగ్గె అనే శాస్త్రజ్ఞుడు ఒక తేలికైన ప్రయోగం చేశాడు. ఎర్రటి రంగులో పెరిగే, సులభంగా గుర్తుపట్టగల ఒక బాక్టీరియాను మనిషి నోటిలో ఉంచి మాట్లాడించాడు. గదిలో అక్కడక్కడా పోషక పదార్థం పోసిన పళ్ళేలు పెట్టాడు. కొద్దికాలానికి ఆ పళ్ళేలలో ఎర్రటి మచ్చలు మొలిచాయి. దగ్గు, తుమ్ము అక్కరలేదు, మామూలుగా మాట్లాడినా నోటి నుంచి కంటికి కనబడని తుంపరలు సూక్ష్మజీవులను మోసుకుపోతాయని దీనితో రుజువైంది.

అదే ఊళ్ళో యోహాన్ మికులిచ్ పేరుమోసిన సర్జన్. అప్పటికే సర్జన్లు చేతులు శుభ్రంగా కడుక్కుంటున్నారు, పరికరాలు మరిగిస్తున్నారు. అయినా కొన్ని గాయాలు చీము పడుతూనే ఉన్నాయి. ఫ్లూగ్గె ప్రయోగం చూశాక మికులిచ్ ఒక పొర గాజుగుడ్డను ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకుని ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆయన సహాయకుడు హ్యూబెనర్ ఒక పొర చాలదు, రెండు కావాలన్నాడు. అదే ఏడాది పారిస్‌లో పాల్ బెర్జే అనే సర్జన్ ఆరు పొరల గుడ్డ వాడాడు. ఆయనకు గడ్డం ఉండేది. గుడ్డ కింది భాగాన్ని తన అంగరఖాకు కుట్టించి, గడ్డం కూడా అందులోనే దాచేవాడు! 1899లో పారిస్ సర్జన్ల సంఘంలో ఆయన ఈ సంగతి చదివి వినిపిస్తే, తాను ఎన్నడూ మాస్కు కట్టలేదనీ, ఇకముందు కట్టబోననీ ఒక సభ్యుడు సభలోనే అన్నాడు.

ఇతరులకు హాని జరగకుండా నోటికి గుడ్డ కట్టుకోవడమన్న భావన మన దేశానికి మాత్రం కొత్త కాదు. జైనులలో కొన్ని శాఖల సాధువులు ముఖానికి కట్టుకునే తెల్లని ముఖపత్తి గాలిలోని చిన్న ప్రాణులకు తమ శ్వాస వల్ల హింస కలగకూడదనే. అది వైద్యం కోసం పుట్టినది కాదు గనుక దానిని మాస్కుల చరిత్రలో చేర్చనక్కరలేదు. ఆలోచన సాగిన దిక్కు మాత్రం ఒకటే.

ఆపరేషన్ గది దాటి మాస్కు వీధిలోకి రావడం 1910-11 చలికాలంలో జరిగింది. అప్పటి ప్లేగును అర్థం చేసుకోవాలంటే ముందు బొంబాయినీ కరాచీనీ తలచుకోవాలి. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. గజ్జల్లో, చంకల్లో బిళ్ళలు కట్టి మనుషులు చనిపోయేవారు. 1898లో పాల్ లూయీ సీమోఁ అనే ఫ్రెంచి డాక్టరు, ఎలుకల మీది గోమార్లు ఈ జబ్బును మనుషులకు చేరవేస్తాయని కరాచీలో ప్రయోగం చేసి చూపాడు. మొదట ఎవరూ నమ్మలేదు. తరువాత మన దేశంలోనే జరిగిన పరిశోధనలు అది నిజమని తేల్చాయి. 1910 నాటికి ప్లేగు అంటే ఎలుక, ఎలుక అంటే ప్లేగు అన్నంతగా ఆ మాట వైద్యుల బుర్రల్లో స్థిరపడిపోయింది. లక్షలాది భారతీయుల ప్రాణాలు పోయాక దొరికిన ఈ సత్యమే మరోచోట కళ్ళకు గంతలయింది.

ఆ చోటు చైనా ఈశాన్య ప్రాంతమైన మంచూరియాలోని హార్బిన్. అక్కడి గడ్డి మైదానాల్లో తార్బగాన్ అనే బొరియ జంతువు ఉంటుంది. దాని తోలుకు మంచి ధర పలకడంతో అనుభవం లేని వేటగాళ్ళు గుంపులుగా వచ్చి, జబ్బుపడిన జంతువులను కూడా పట్టుకున్నారు. ఆ ప్లేగు వాళ్ళకు అంటుకుంది. చలికి కిటికీలు మూసిన సత్రాల్లో ఒకరి పక్కన ఒకరు పడుకునే కూలీలకు వ్యాపించింది. అక్కడి నుంచి రైలు పట్టాల వెంబడి ఊరూరూ చేరింది. బిళ్ళలు లేవు. జ్వరం, దగ్గు, నెత్తురుతో కూడిన కఫం, రెండు మూడు రోజుల్లో మరణం.

1910 డిసెంబరులో చైనా ప్రభుత్వం వూ లియెన్-తె అనే 31 ఏళ్ళ డాక్టరును అక్కడికి పంపింది. ఆయన మలయాలోని పెనాంగ్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో వైద్యం చదివినవాడు. శవాన్ని కోయడాన్ని చైనా ఆచారం ఒప్పుకోని ఆ రోజుల్లో, చనిపోయిన ఒక సత్రం యజమానురాలి శవాన్ని రహస్యంగా పరీక్షించి, ఊపిరితిత్తులనిండా ప్లేగు క్రిములున్నాయని చూశాడు. ఇది ఎలుకల వల్ల కాదు, మనిషి దగ్గు నుంచి మనిషికి వస్తోంది అని తేల్చాడు. అందరూ మాస్కులు కట్టుకోవాలన్నాడు.

సీనియర్ డాక్టర్లు చాలామంది నమ్మలేదు. వారిలో జెరాల్డ్ మెనీ అనే ఫ్రెంచి డాక్టరు ప్లేగు విషయంలో అనుభవజ్ఞుడు. వయసులో చిన్నవాడైన ఒక చైనీయుడు తనకు పాఠం చెప్పడమేమిటని ఆయన మండిపడి అవమానించాడని వూ తన ఆత్మకథలో రాసుకున్నారు. 1911 జనవరి మొదటివారంలో మెనీ మాస్కు లేకుండా ఆసుపత్రిలో రోగులను పరీక్షించాడు. జనవరి 11న ప్లేగుతో చనిపోయాడు.

ఆ వార్త హార్బిన్‌లో ఏ ప్రభుత్వ ఉత్తరువూ చేయలేని పని చేసింది. వీధుల్లో దాదాపు అందరి ముఖాల మీదా మాస్కులు కనిపించసాగాయి. వూ రూపొందించిన మాస్కు ఎవరైనా తయారు చేసుకోగలిగినది: ఆసుపత్రుల్లో కట్లు కట్టే గాజుగుడ్డను సుమారు గజం పొడవున కత్తిరించి, మడిచి, మధ్యలో దూది పెట్టి, రెండు కొనలనూ చీల్చి తల వెనక ముడివేయాలి. చీలికలు ఎక్కువ ఉండడం ఎందుకంటే, ఒకటి పైన, ఒకటి కింద లాగి కడితే గుడ్డ ముఖానికి అంటుకుని, అంచుల్లో సందు ఉండదు. ఇంత శ్రద్ధగా చెప్పినా, చెవి నుంచో మెడ నుంచో తాయెత్తులా వేలాడదీసుకుని తిరిగినవాళ్ళూ ఉన్నారు!

మాస్కు ఒక్కటే ప్లేగును ఆపిందనడం సరికాదు. రోగులతో కలిసి ఉన్నవారిని రైలు పెట్టెల్లో విడిగా ఉంచారు. ప్రయాణాలు కట్టడి చేశారు. నేల గడ్డకట్టి గుంటలు తవ్వలేక పేరుకుపోయిన రెండు వేలకు పైగా శవాలను చక్రవర్తి అనుమతితో దహనం చేశారు. 1911 మార్చి నాటికి హార్బిన్ ఊపిరి పీల్చుకుంది. మొత్తం మీద సుమారు 60,000 మంది చనిపోయారు. కాని ఆ చలికాలంతో మాస్కు అర్థం మారిపోయింది. అంతవరకూ ఎదుటివారి కోసం కట్టుకున్నది, ఇప్పుడు తన ప్రాణం కోసం కట్టుకునేదయింది.

1918లో ప్రపంచాన్ని ఇన్‌ఫ్లుయెంజా చుట్టుముట్టింది. మన దేశంలోనే కోటికి పైగా జనం పోయారు. 1911 నుంచి 1921 మధ్య మన జనాభా పెరగకపోగా కొద్దిగా తగ్గిందని జనగణనే చెబుతోంది. మాస్కు విషయంలో ఆనాటి పెద్ద పాఠం మాత్రం అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చింది. 1918 అక్టోబరు చివరలో అక్కడ మాస్కు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. కట్టుకోనివారికి జరిమానా, జైలు. సాక్షాత్తు మేయరుగారే ఒక కుస్తీపోటీలాంటి బాక్సింగ్ పందెంలో మాస్కు లేకుండా ఫోటోకు దొరికిపోయి జరిమానా కట్టారు. నవంబరు 21న నిబంధన ఎత్తివేయగానే సైరన్లు మోగాయి, జనం మాస్కులు పీకి రోడ్ల మీద పారేశారు. జబ్బు మళ్ళీ పెరగడంతో జనవరిలో నిబంధన తిరిగి వచ్చింది. ఈసారి మాస్కు వ్యతిరేక సంఘమే వెలిసింది. ఫిబ్రవరి 1న నిబంధన శాశ్వతంగా పోయింది.

తరువాత లెక్కలు చూసిన కాలిఫోర్నియా ఆరోగ్యశాఖ అధికారి విల్‌ఫ్రెడ్ కెలాగ్‌కు, మాస్కు చట్టమున్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ పెద్ద తేడా కనబడలేదు. ఆయన ఊరుకోక ప్రయోగశాలలో గుడ్డలను పరీక్షించి 1920లో ఫలితాలు ప్రకటించాడు. పలుచని గుడ్డ తుంపరలను ఆపదు. పొరలు పెంచితే ఆపుతుంది, కాని అప్పుడు గాలి గుడ్డలోంచి వెళ్ళలేక అంచుల సందుల్లోంచి దారి చేసుకుంటుంది. ప్రజలు వాడిన తీరు మరో కారణం. కొందరు ముక్కు వదిలేసి నోరు మాత్రమే మూసుకున్నారు. పోలీసులు చూసే వీధిలో, అంటే గాలి బాగా ఆడే చోట, అందరూ కట్టుకున్నారు. నలుగురు కలిసి కూర్చునే మూసిన గదుల్లోకి వెళ్ళగానే తీసి జేబులో పెట్టుకున్నారు. నిజానికి ఇది తలకిందులుగా జరగవలసింది. వందేళ్ళ తరువాత మన బస్సుల్లో, ఆఫీసుల్లో, పెళ్ళిపందిళ్ళలో మనం చూసింది కూడా ఇదే కదా!

గుడ్డ రంధ్రాలకంటే వైరస్ ఎంతో చిన్నది, మరి గుడ్డ దాన్ని ఎలా ఆపుతుంది అని చాలామంది అడుగుతారు. మాస్కు జల్లెడ కాదు. గాలి గుడ్డలోని పోగుల చుట్టూ మెలికలు తిరుగుతూ వెళుతుంది. పెద్ద తుంపరలు మలుపు తిరగలేక, వేగంగా వచ్చిన సైకిలు మలుపులో గోడకు గుద్దుకున్నట్లు, పోగులను గుద్దుకుని అంటుకుపోతాయి. మరీ చిన్న కణాలను గాలి అణువులు ఇటూ అటూ తోస్తూ ఉంటాయి. అవి తూలుతూ తూలుతూ ఏదో ఒక పోగుకు తగులుతాయి. పట్టుకోవడం కష్టమయ్యేది మధ్యరకం కణాలను, సుమారు 0.3 మైక్రాన్ల పరిమాణం గలవాటిని. ఎన్‌95 మాస్కుకు ఆ పేరు రావడానికి కారణం ఈ కఠినమైన పరిమాణంలోనూ కనీసం 95 శాతం కణాలను ఆపడమే. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన తైవాన్ శాస్త్రజ్ఞుడు పీటర్ త్సాయ్, పోగులకు స్థిరవిద్యుత్తు ఎక్కించే పద్ధతికి 1995లో పేటెంటు పొందాడు. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగినట్లు ఆ పోగులు కణాలను లాగుతాయి. సబ్బునీళ్ళతో ఉతికితే ఆ విద్యుత్తు పోతుంది. కనుక ఎన్‌95 ఉతికి ఆరేసేది కాదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నోటి నుంచి అప్పుడే బయటపడిన తుంపరలో నీరు ఎక్కువ, కనుక అది పెద్దది. గాలిలో ఆ నీరు క్షణాల్లో ఆవిరై తుంపర కుంచించుకుపోతుంది. అందుకే బయలుదేరే చోట దాన్ని పట్టుకోవడం, చేరే చోట పట్టుకోవడంకంటే తేలిక. రోగి కట్టుకున్న మామూలు గుడ్డ చేసే పనిని ఎదుటివాడి ముఖం మీద అదే గుడ్డ చేయలేదు. మికులిచ్ ఉద్దేశించిన దిక్కే భౌతికశాస్త్రం ప్రకారం కూడా అనుకూలమైన దిక్కు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు బయటపడినప్పుడు మన దేశం హార్బిన్‌ను మళ్ళీ చూసింది. జేబురుమాళ్ళు ముఖాలకు కట్టుకుని లక్షలాది జనం రైళ్ళెక్కి ఊరు వదిలిపోయారు. ఈసారి చేతిలో టెట్రాసైక్లిన్ ఉంది, మరణాలు యాభై పైచిలుకు దగ్గర ఆగాయి.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులందరికీ మాస్కు అక్కరలేదంది. డాక్టర్లకే చాలనన్ని లేవన్నది కొంత కారణం. లక్షణాలు కనబడకముందే మనిషి జబ్బు అంటించగలడని తెలిశాక సలహా మారింది. జబ్బుపడినవాడెవడో అతనికే తెలియనప్పుడు అందరూ కట్టుకోవడమొకటే మార్గం. మన ప్రభుత్వం ఏప్రిల్‌లో ఇంట్లో కుట్టిన మాస్కులను సిఫారసు చేసి, అదే నెలలో బహిరంగ స్థలాల్లో తప్పనిసరి చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న తన సలహా మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున పంచడానికి స్వయం సహాయక సంఘాల మహిళలు మాస్కులు కుట్టారు.

ఆ వేసవిలోనే ముందు భాగాన చిన్న బిళ్ళ ఉన్న ఎన్‌95 మాస్కులు బజారులో విరివిగా అమ్ముడుపోయాయి. ఆ బిళ్ళ ఒక వాల్వు. దుమ్ములో పనిచేసే కార్మికుల కోసం చేసినది. పీల్చే గాలిని వడకడుతుంది, వదిలే గాలిని వడకట్టకుండానే బయటకు పంపుతుంది. కట్టుకున్నవాడు క్షేమం, పక్కవాడి సంగతి దేవుడెరుగు. ధర ఎక్కువ కాబట్టి మంచిదనుకుని కొన్నవారే ఎక్కువ. 2020 జులైలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇవి వద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇతరుల పట్ల గమనింపు మరో విధంగానూ అవసరమైంది. పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకునే వినికిడి లోపమున్నవారికి అందరి నోళ్ళూ ఒక్కసారిగా మూసుకుపోయాయి. వారితో మాట్లాడేవారి కోసం కొందరు మధ్యలో పారదర్శకమైన కిటికీ గల మాస్కులు కుట్టారు. అయిదేళ్ళలోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పాయి.

కెలాగ్ సందేహానికి ప్రయోగశాల బయట దొరికిన పెద్ద జవాబు మన పొరుగు దేశం నుంచి వచ్చింది. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, మూడు లక్షలకు పైగా పెద్దవాళ్ళతో ఒక పరీక్ష జరిపారు. సగం గ్రామాల్లో ఇంటింటికీ మాస్కులు ఉచితంగా ఇచ్చి, ఎలా కట్టుకోవాలో చూపించారు. సరిగా కట్టుకునేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలతో కూడిన కోవిడ్ మొత్తం మీద సుమారు 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులిచ్చిన గ్రామాల్లో 60 ఏళ్ళు దాటినవారిలో తగ్గుదల 35 శాతం దాకా ఉంది. గుడ్డ మాస్కుల ప్రయోజనం మాత్రం అంత స్పష్టంగా తేలలేదు. సగంకంటే తక్కువమందే కట్టుకున్నారన్నది గుర్తుంచుకుని ఈ అంకెలు చదవాలి.

ఆ పరీక్షలో పరిశోధకులు కొన్ని గ్రామాల్లో "నిన్ను నువ్వు కాపాడుకో" అనీ, కొన్నింట్లో "ఇతరులను కాపాడు" అనీ వేర్వేరుగా ప్రచారం చేసి చూశారు. రెంటికీ తేడా రాలేదు. ఫోన్లకు పంపిన సందేశాలూ, ఊరికి ప్రకటించిన బహుమతులూ అదనంగా సాధించినదేమీ లేదు. వాడకాన్ని నిలబెట్టినది ఒక్కటే: సంతలోనూ మసీదు ముందూ నిలబడి, మాస్కు లేకుండా వచ్చిన మనిషిని ఆపి, ఒకటి చేతిలో పెట్టి, ముక్కు మీదికి లాగి కట్టుకోమని మర్యాదగా చెప్పిన కార్యకర్త.