ఇంటరప్ట్‌లు: కెర్నల్ నేర్చుకున్న పాఠం

మీరు కీబోర్డు మీద ఒక మీట నొక్కారనుకోండి. ఆ క్షణంలో ప్రాసెసర్ వేరే పనిలో ఉంటుంది. "ఇటు చూడు" అంటూ కీబోర్డు దానికి పంపే సంకేతమే ఇంటరప్ట్. ఏ సంకేతాన్ని ఏ ప్రోగ్రాముకు అప్పగించాలో చూసేది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నల్. లినక్స్ కెర్నల్‌లో ఈ భాగాన్ని ఎలా సులభతరం చేశారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటెల్ 8259 చిప్ ఒక్కటే ఉండేది. దానికి 8 ఇంటరప్ట్ దారులు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో రెండో చిప్ చేర్చారు. రెండింటినీ కలపడానికి ఒక దారి పోగా 15 మిగిలాయి. 1990వ దశకంలో ఒకే యంత్రంలో అనేక ప్రాసెసర్లు అమర్చసాగారు. ఏ సంకేతం ఏ ప్రాసెసర్‌కు వెళ్ళాలో నిర్ణయించే ఐఓ ఏపిక్ చిప్ అప్పుడే వచ్చింది.

సంకేతాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. తలుపు తీసేదాకా కాలింగ్ బెల్ మీద వేలు తీయని అతిథి వంటిది 'లెవెల్' రకం. ఒక్కసారి తట్టి వెళ్ళిపోయే మనిషి వంటిది 'ఎడ్జ్' రకం. మొదటిదాన్ని కాసేపు మూసి ఉంచకుండా పని మొదలుపెడితే, అదే సంకేతం మళ్ళీ మళ్ళీ వచ్చి యంత్రం స్తంభించిపోవచ్చు. రెండోదాన్ని వినకపోతే అది శాశ్వతంగా పోతుంది. డిస్క్ పని పూర్తిచేసినా, కెర్నల్ దానికోసం ఎదురుచూస్తూనే ఉండిపోవచ్చు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ క్రమంగా అనేక రకాల ప్రాసెసర్లకు విస్తరించింది. 'డూ ఐఆర్‌క్యూ' అనే ఒకే పెద్ద ఫంక్షన్ అన్ని రకాల సంకేతాలనూ చూసుకునేది. ఒకే చోట ఉంది కాబట్టి అదే సులువు కదా అని మీకు అనిపించవచ్చు. కానీ దాని లోపల షరతుల మీద షరతులు పేరుకున్నాయి. ఒక చిప్ కోసం చేసిన మార్పు మరో చిప్‌ను దెబ్బతీసే ప్రమాదం ఉండేది.

ఏఆర్ఎమ్ ప్రాసెసర్ల కోసం పనిచేసిన రస్సెల్ కింగ్ అప్పటికే ఈ రకాలను వేరుచేసి చూపారు. ఆ ఆలోచనను ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ కెర్నల్ అంతటికీ వర్తింపజేశారు. ఆ ఏర్పాటు 2006లో విడుదలైన 2.6.18తో అందుబాటులోకి వచ్చింది. దానిలో మూడు అంచెలున్నాయి. చిప్‌ను తాకే పని ఒక అంచెది. లెవెల్, ఎడ్జ్ వంటి పద్ధతులు రెండో అంచెవి. పరికరపు అసలు పని మూడో అంచెది. కొత్త చిప్ వస్తే సాధారణంగా మొదటి అంచె రాస్తే సరిపోతుంది.

పాతదాన్ని ఒక్కరోజులో తీసివేయలేదు. ఒక్కో ప్రాసెసర్ కుటుంబాన్నీ కొత్త పద్ధతికి మార్చుకుంటూ వచ్చి, 2011లో ఆ పెద్ద ఫంక్షన్‌ను తొలగించారు.

గమనించారా? అన్నింటినీ ఒకచోట కుప్పపోస్తే సరళత రాలేదు. భిన్నమైనవాటిని వేరుచేసి, సమానమైనవాటిని కలిపినప్పుడే వచ్చింది. మీరు రాసే ప్రోగ్రాములో షరతులు పెరుగుతూ పోతుంటే ఒక్కసారి ఆగి ఆలోచించండి: నేను రెండు వేర్వేరు పనులను ఒకే పేరుతో పిలుస్తున్నానా?