చప్పుడు లేకుండా పోయే చట్టాలు

కొన్నేళ్ళ క్రితం ఆఫీసులో ఒక పాత స్క్రిప్ట్ డిలీట్ చేశాను. ఎవరు రాశారో తెలీదు. ఎవరినడిగినా "మాది కాదు" అన్నారు. మూడు వారాలు ఏమీ కాలేదు. నెలాఖరు రాత్రి ఇన్‌వాయిస్‌లన్నీ ఆగిపోయాయి. 2022 సెప్టెంబరులో బ్రిటన్ పార్లమెంటు ముందుకొచ్చిన ఒక బిల్లు గురించి చదువుతుంటే ఆ రాత్రే గుర్తొచ్చింది.

2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చేసింది. కానీ 47 ఏళ్ళ కాపురంలో ఇంట్లో చేరిన సామాను ఒక్క పూటలో తేలేది కాదు. అందుకని 2018లోనే ఒక చట్టం చేసి, యూరప్ నుంచి వచ్చిన నియమాలని తమ చట్టంగానే అట్టిపెట్టుకున్నారు. తెలివైన పనే. 1950లో మనం చేసిందీ ఇంచుమించు అదే: మార్చేదాకా, రద్దు చేసేదాకా పాత చట్టాలు నడుస్తాయంది రాజ్యాంగం 372వ అధికరణం. ఆ లెక్కన 1860 నాటి శిక్షాస్మృతి 2024 జూన్ దాకా నడిచింది.

జేకబ్ రీస్-మాగ్ తెచ్చిన బిల్లు దీన్ని తిరగేసింది. మంత్రులు పనిగట్టుకుని ఉంచితే తప్ప, వీటిలో చాలామటుకు 2023 డిసెంబరు 31తో వాటంతటవే పోతాయి. మామూలుగా చట్టం తీసేయాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. ఇక్కడ మంత్రి ఊరుకుంటే చాలు.

పోనీ అవెన్నో తెలుసా? మొదట ప్రభుత్వం సుమారు 2,400 అంది. తర్వాత నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇంకో 1,400 బయటపడ్డాయన్న వార్త వచ్చింది. 2023 మే నాటికి లెక్క 4,800 దాటింది. జాబితా పూర్తికాకుండానే కొట్టేసే తేదీ రాసేసుకున్నారన్నమాట.

వాటిలో 1998 నాటి పనిగంటల నియమాలున్నాయి. అంతకుముందు బ్రిటన్‌లో అందరికీ వర్తించే జీతంతో కూడిన సెలవు హక్కే లేదు. ఆన్‌సైట్ పనిమీద లండన్‌లో ఉన్నప్పుడు అక్క పెళ్ళికని నేను పెట్టిన సెలవు ఆ నియమాల చలవే, అప్పుడు నాకా సంగతి తెలీదు. మొదట్లో 13 వారాలు పనిచేస్తేనే ఆ సెలవు అని మెలిక పెట్టారు. చిన్నచిన్న కాంట్రాక్టుల మీద బతికే సినిమా, టీవీ కార్మికుల సంఘం కోర్టుకెక్కింది. 2001లో యూరోపియన్ కోర్టు ఆ మెలిక చెల్లదంది. కాగితం మీద నియమం ఒక్కటే చట్టం కాదు, దాని చుట్టూ అల్లుకున్న తీర్పులు కూడా.

సముద్రం కథ ఇంకా బావుంటుంది. స్నానాలు చేసే నీళ్ళు శుభ్రంగా ఉండాలని 1976లో యూరప్ ఆదేశిస్తే, బ్రిటన్ తన తీరమంతటికీ 27 చోట్లే చూపించింది. సముద్రమే లేని లక్సెంబర్గ్ అంతకంటే ఎక్కువ చూపించింది! జనం కిటకిటలాడే బ్లాక్‌పూల్ ఆ 27లో లేదు. చివరికి 1993లో కోర్టు తప్పుపట్టింది. ఈ చరిత్ర తెలిసినవాళ్ళు బిల్లు చూసి భయపడ్డారంటే ఆశ్చర్యమేముంది?

బిల్లు వైపు వాళ్ళకీ ఒక వాదన ఉంది. 1972 చట్టం కింద వీటిలో చాలావాటిని మంత్రులే పెద్దగా చర్చ లేకుండా తెచ్చారు, అలాగే తీసేస్తే తప్పేంటి అని. మొదటి సగం నిజమే. కానీ పార్లమెంటు అధికారం పార్లమెంటుకే రావాలని కదా అంత గొడవపడి బయటికొచ్చింది!

2023 మేలో కెమీ బేడనాక్ ఆ గడువుని వదిలేసి, తీసేసేవాటినే పేరుపేరునా, సుమారు 600, జాబితా రాయించారు. జూన్ 29న అది చట్టమైంది. మార్చే అధికారం మాత్రం 2026 జూన్ దాకా మంత్రుల చేతిలోనే ఉంచుకున్నారు.

జాబితాలో చాలావరకు చచ్చుబడిన నియమాలే. అన్నీ కాదు. గాలి కాలుష్యం తగ్గించడానికి ప్రభుత్వం ఒక ప్రణాళిక రాసి, దానిమీద జనం అభిప్రాయం అడగాలన్న 2018 నాటి నియమాలు కూడా అందులోనే పోయాయి. గాలి పరిమితులు అలాగే ఉన్నాయి, వాటిని ఎలా అందుకుంటారో ఆ పద్ధతిలో రాసి చూపించక్కర్లేదు.