కాశీపూర్ పట్టభద్రులకు ఉద్యోగ శిక్షణ

రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులోని దొరగుడలో ఉత్కళ్ అల్యూమినా కర్మాగారం కలదు. అయినను పట్టా పొందిన ప్రతి పేదింటి బిడ్డకూ అక్కడ కొలువు దొరకదు.

ఇటువంటి గ్రామీణ కుటుంబాల కొరకు కేంద్ర ప్రభుత్వం 2014 సెప్టెంబరు 25న దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను ప్రకటించింది. శిక్షణ ఉచితం. శిక్షణ పొందినవారిలో నూటికి 70 మందికైనా ఉద్యోగం చూపే బాధ్యతను శిక్షణ సంస్థపైనే ఉంచడం ఆనాటి నిబంధనలలోని విశేషం. ధ్రువపత్రమిచ్చి సాగనంపితే చాలదన్నమాట. ఒడిశాలో దీని అమలును ఓర్మాస్ చేపట్టింది. ఇంట తెలుగు మాట్లాడినా, కాశీపూర్ వాసులు ఒడిశా అభ్యర్థులే.

అయితే ఉద్యోగం తరచు దూర నగరాలలో లభిస్తుంది. వృద్ధులైన తల్లిదండ్రులను విడిచి వెళ్లలేనివారికి, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలే మేలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతి ఇది. శిక్షణతోపాటు భోజన వసతులూ ఉచితమే. నెల జీతం మాత్రం ఉండదు, సొంత వృత్తికి బ్యాంకు రుణం పొందే దారి చూపుతారు.