విత్తనానికి వదిలిన కాయ

శివరాత్రితో చలి శివ శివ అంటూ వెళ్లిపోతుందంటారు. మా వాల్మీకిపురంలో ఆడవాళ్లకు అది పెరట్లోకి దిగే వేళ కూడా. ఉగాదిలోపు మడి తవ్వి, పెంట ఎరువు కలిపి, పాదులు చేసి గింజ పెడితేనే ఎండలు ముదిరే సరికి తీగ పందిరి ఎక్కుతుంది. బీర, సొర, దోస పాదుల్లో పెడతాం. బెండ, గోరుచిక్కుడు వరసల్లో వేస్తాం. వంగ, మిరప, టమోటా నారు పోస్తాం. మిగిలిన జాగాలో గోంగూర, తోటకూర చల్లుతాం.

ఇవన్నీ మన నాటు కూరగాయలే అనుకుంటాం. నిజానికి ఒక్కొక్కటీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన పెరట్లో స్థిరపడింది. రాజుల యుద్ధాలకు శాసనాలు ఉన్నాయి. బెండకాయ ఏ ఇంటి పెరట్లో మొదట కాసిందో ఎవరూ శాసనం వేయించలేదు. అందుకే ఈ చరిత్రను వంటింట్లోనే వెతకాలి.

అన్నిటికంటే పాతవి మనం చిన్నచూపు చూసే ఉలవలు, పెసలు. రాయలసీమలో, పక్కనే ఉన్న బళ్లారి ప్రాంతంలో నాలుగు వేల ఏళ్ల కిందటి కొత్త రాతియుగపు ఊళ్లను తవ్వినప్పుడు ఆ గింజలు కాలి బొగ్గైన రూపంలో దొరికాయి. వంకాయ, దోసకాయ కూడా మన దేశపు మట్టిలో పుట్టినవే. బెండ, గోంగూర, అలసంద పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. ఇవి లేని రాయలసీమ వంటను మనం ఊహించుకోలేం. అయినా ఇవి అత్తింటికి వచ్చి ఆ ఇంటి పేరు పెట్టుకున్న కోడళ్లే.

ఇక మిరపకాయ సంగతి. తాళ్లపాక అన్నమయ్య 1408లో పుట్టి 1503లో కన్నుమూశాడంటారు. వాస్కో డ గామా కాలికట్ రేవులో దిగింది 1498లో. అమెరికా ఖండాల మిరప పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకు వచ్చింది ఆ తర్వాతే. అంటే అన్నమయ్య ఇంట్లో కారం మిరియాలదే. కొత్త కాయకు మనవాళ్లు పాత మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు. టమోటా, ఉర్లగడ్డ, మన చెనక్కాయలు కూడా అమెరికా నుంచి వచ్చినవే.

దీనికి సాక్ష్యం కావాలంటే తద్దినం వంట చూడండి. చాలా ఇళ్లలో ఆ రోజు మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ, క్యాబేజీ వాడరు. కారానికి మిరియాలు, పులుపుకు చింతపండు. పెద్దవాళ్లు ఆచారమంటారు. నాకైతే అది అయిదు వందల ఏళ్ల కిందటి వంటల పట్టీలా కనిపిస్తుంది. ఏ పుస్తకంలోనూ దొరకని ఆ పట్టీని ఏటా వండుతూ కాపాడింది ఆడవాళ్లే.

పేర్లు కూడా చరిత్ర చెబుతాయి. కోస్తా జిల్లాల్లో ఆనపకాయ అంటే సొరకాయ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అనపకాయ అంటే సంక్రాంతి రోజుల్లో వచ్చే చిక్కుడు జాతి కాయ. దాని గింజలు నానబెట్టి, వేళ్లతో పితికి, తొక్క తీసి చేసే పితికిపప్పు మనకెంత ఇష్టమో చెప్పక్కర్లేదు. టమోటాను కొన్ని జిల్లాల్లో రామములగ అంటారు. తమిళనాడు ఎల్ల దగ్గరి ఊళ్లలో తక్కాలి. మా ఊరే నిన్నమొన్నటి దాకా వాయల్పాడు కదా!

ఇన్ని దూరాల నుంచి వచ్చిన మొక్కలు మనవి ఎలా అయ్యాయి? ఓడ దిగిన గింజ ఒక్క పంటకే సరి. రెండో ఏడు మొలవాలంటే ఎవరో ఒకరు కాయను కోయకుండా వదలాలి. బాగా కాసిన తీగను గుర్తుపెట్టుకోవాలి, గింజ ఎండబెట్టాలి, పురుగు పట్టకుండా దాచాలి. మన అవ్వలు బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి దూలానికి వేలాడదీసేవారు. గుమ్మడి గింజల్ని పేడలో అద్ది గోడకు కొట్టేవారు. అనప గింజలకు బూడిద పట్టించి కుండలో పోసి మూతి కట్టేవారు. కాపు బాగున్న తీగ గింజనే దాచడం వల్ల ఏటికేడు ఆ మొక్క మన ఎండకు, మన నీటి ఎద్దడికి అలవాటు పడింది. శాస్త్రవేత్తలు చేసే ఎంపిక అనే పనే ఇది. జీతం లేదు, పేరూ లేదు.

ఈ వరస మన తరంలోనే తెగింది. 1973లో బెంగళూరు కంపెనీ ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ కర్ణాటక అనే హైబ్రిడ్ టమోటాను విడుదల చేసింది. 1988 నాటి కొత్త విత్తన విధానంతో విదేశీ విత్తనాలకూ తలుపులు తెరుచుకున్నాయి. హైబ్రిడ్లు దిగుబడి పెంచాయి, కాదనను. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటిగా ఎదగడంలో వాటికీ పాలుంది. అయితే హైబ్రిడ్ గింజ రెండు వేర్వేరు రకాలను కలిపి చేసిన మొదటి తరం. దాని కాయలోంచి తీసిన గింజ మొలుస్తుంది కానీ, తల్లిలాగే కాస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. ప్యాకెట్ వచ్చాక దూలానికి బీరకాయతో పని లేకపోయింది.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లోనే టమోటా కిలో 150 రూపాయలు దాటింది. కాయ పండే చోటే కొనలేక చింతపండు పులుసుతో సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో. ఇంటికి నాలుగు టమోటా మొక్కలుంటే రైతు కష్టం తీరదు, మార్కెట్ ధర మారదు. మన వంటింటికి మాత్రం కాస్త ఊపిరి ఆడుతుంది.

పోయినదాని విలువ నాకు తెలుసు. మా అవ్వ పెరట్లో పొట్టిగా, తొడిమ నిండా ముళ్లతో ఒక వంకాయ కాసేది. అవ్వ మంచాన పడ్డాక ఆ గింజ ఎవరి ఇంట్లోనూ మిగల్లేదు. ఎంత డబ్బిచ్చినా అది ఏ అంగడిలోనూ దొరకదు.

తెగిన వరసను మళ్లీ కలిపినవాళ్లు తెలంగాణలో ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుగా పేద దళిత మహిళలు ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. ఏటా పాత పంటల జాతర చేస్తారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. చట్టం కూడా మన వైపే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం రైతుకు తన విత్తనం దాచుకునే, పంచుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది.

మరి ఈ వసంతంలో మనం చేయగలిగింది? ఎవరి దగ్గరైనా నాటు గింజలు దొరికితే ఒక్క పాదుకైనా అవే పెట్టండి. బియ్యం కడిగిన నీళ్లు పోయండి, మొదట్లో ఎండుటాకులు కప్పండి, పేను పడితే పొద్దున్నే బూడిద చల్లండి. కాపు మొదలయ్యాక అన్నిటికంటే బలమైన మొక్కకు ఒక మంచి కాయను ఎంచి గుడ్డపీలిక కట్టండి. ఆ కాయను ఎవరూ కోయకూడదని ఇంట్లో చెప్పండి. వంకాయ పసుపు పచ్చగా ముగ్గాలి. బీరకాయ ఊపితే గలగలమనాలి. టమోటా గుజ్జును నీళ్ల గ్లాసులో రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టాలి. సొరకాయలైతే పక్కపక్కనే రెండు రకాలు వద్దు, కలిసిపోతాయి.

మా అత్తమ్మ ఇచ్చిన సొర గింజలు నా దగ్గర ఇప్పుడు పదకొండు ఉన్నాయి. ఆరు పాదులో పెట్టాను. మూడు పక్కింటి అక్కకు, రెండు కుప్పంలో ఉన్న మా చెల్లెలికి ఇచ్చాను. ఒక ఇంట్లో తీగ ఎండిపోయినా ఇంకో ఇంట్లో మిగులుతుంది. అన్నీ ఒకే డబ్బాలో దాచుకుంటేనే భయం.