కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలు: ఒకే సీటు, ఒకే నాయకుడు, రెండు రాజీనామాలు

కరీంనగర్ లోక్‌సభ స్థానానికి 2006 డిసెంబర్‌లో ఒకసారి, 2008 మేలో మరోసారి ఉప ఎన్నిక జరిగింది. రెండుసార్లూ కారణం ఒక్కటే: సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల చంద్రశేఖర్ రావు రాజీనామా. రెండుసార్లూ ఆయనే మళ్లీ పోటీ చేశారు, ఆయనే గెలిచారు. కానీ మొదటిసారి వచ్చిన మెజారిటీ 2 లక్షల పైనే ఉంటే, రెండోసారి అది 15 వేల పైచిలుకుకు పడిపోయింది. రాజీనామాతో ప్రజల తీర్పు కోరడం ఎప్పుడు కలిసొస్తుంది, ఎప్పుడు ఎదురు తిరుగుతుంది అనేదానికి తెలంగాణ రాజకీయాల్లో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

నేపథ్యం

2004 సాధారణ ఎన్నికల్లో తెలంగాణ రాష్ట్ర సమితి (ఇప్పటి బీఆర్ఎస్) కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది. 26 అసెంబ్లీ, 5 లోక్‌సభ స్థానాలు గెలిచింది. కరీంనగర్‌లో కేసీఆర్ బీజేపీ అభ్యర్థి, అప్పటి కేంద్ర సహాయ మంత్రి సి.హెచ్. విద్యాసాగర్ రావును లక్షా 30 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. తర్వాత యూపీఏ ప్రభుత్వంలో కేంద్ర మంత్రి అయ్యారు. ప్రత్యేక రాష్ట్రం విషయంలో కాంగ్రెస్ మాట నిలబెట్టుకోవడం లేదంటూ 2006 ఆగస్టులో ఆయన, మెదక్ ఎంపీ ఆలె నరేంద్ర మంత్రి పదవులు వదులుకున్నారు.

2006: సవాల్‌కు జవాబు

తెలంగాణ సెంటిమెంట్ ఏమీ లేదని, దమ్ముంటే రాజీనామా చేసి గెలవాలని కాంగ్రెస్ మంత్రి ఎం. సత్యనారాయణ రావు సవాల్ విసిరారు. కేసీఆర్ వెంటనే ఎంపీ పదవికి రాజీనామా చేశారు. కాంగ్రెస్ తరఫున జగిత్యాల నాయకుడు టి. జీవన్ రెడ్డి బరిలోకి దిగారు. రాష్ట్రంలో, కేంద్రంలో అధికారం కాంగ్రెస్‌దే. అయినా ఫలితం ఏకపక్షంగా వచ్చింది. 2004లో పొత్తుతో వచ్చిన మెజారిటీ కంటే ఒంటరిగా వచ్చిన మెజారిటీయే ఎక్కువ. ఓటరు ముందు ఉన్న ప్రశ్న ఒక్కటే, అదీ సూటిగా ఉంది: తెలంగాణ కావాలా, వద్దా?

2008: అదే ప్రశ్న, వేరే జవాబు

2008 మార్చిలో పార్టీ ఈ పద్ధతినే పెద్ద ఎత్తున ప్రయోగించింది. 16 మంది ఎమ్మెల్యేలు, నలుగురు ఎంపీలు ఒకేసారి రాజీనామా చేశారు. మే నెలాఖరులో పోలింగ్ జరిగింది. 16 అసెంబ్లీ స్థానాల్లో నిలబెట్టుకున్నవి 7 మాత్రమే. నాలుగు లోక్‌సభ స్థానాల్లో కరీంనగర్, హన్మకొండ దక్కాయి. ఆదిలాబాద్‌ను కాంగ్రెస్, వరంగల్‌ను తెలుగుదేశం ఎగరేసుకుపోయాయి. కరీంనగర్‌లో మళ్లీ జీవన్ రెడ్డే ప్రత్యర్థి. ఈసారి కేసీఆర్ గట్టెక్కారు అంతే.

ఓడిన చోట్ల ప్రజలకు తెలంగాణ వద్దని అర్థం కాదు. ఏడాదిన్నర క్రితం ఇచ్చిన తీర్పునే మళ్లీ అడిగితే కరీంనగర్ ఓటరుకు పాత పట్టుదల లేకపోయింది. పైగా పదవీకాలం మిగిలింది ఏడాది పైచిలుకే. కరీంనగర్ ఓటరు లోక్‌సభ కోసం 2004, 2006, 2008, 2009లో, అంటే అయిదేళ్లలో నాలుగుసార్లు క్యూలో నిలబడ్డాడు.

చట్టం ఏం చెబుతోంది?

రాజీనామా లేఖ రాసినంత మాత్రాన సీటు ఖాళీ కాదు. రాజ్యాంగంలోని 101వ అధికరణ ప్రకారం లోక్‌సభ సభ్యుడు తన సంతకంతో స్పీకర్‌కు లేఖ ఇవ్వాలి, స్పీకర్ దాన్ని ఆమోదించాలి. రాజీనామా స్వచ్ఛందంగా ఇచ్చింది కాదనో, నిజమైనది కాదనో తేలితే స్పీకర్ ఆమోదించరు. 1974లో వచ్చిన 33వ రాజ్యాంగ సవరణ ఈ నిబంధనను చేర్చింది. 2006లోనూ, 2008లోనూ లోక్‌సభ స్పీకర్ సోమనాథ్ ఛటర్జీ.

సీటు ఖాళీ అయ్యాక 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ ప్రకారం ఆరు నెలల లోపు ఉప ఎన్నిక జరపాలి. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువ ఉండటం. రెండు, ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించడం. గెలిచినవారు మిగిలిన కాలానికి మాత్రమే ఎంపీగా ఉంటారు, కొత్తగా అయిదేళ్లు రావు.

ఈ ఏడాది లెక్క ఎంత కీలకమో 2018లో ఆంధ్రప్రదేశ్ చూసింది. ప్రత్యేక హోదా కోసం అయిదుగురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. ఆమోదం జూన్‌లో వచ్చింది. అప్పటికి సభ కాలం ఏడాది కంటే తక్కువే మిగిలింది. దాంతో ఉప ఎన్నికలే రాలేదు. అయిదు నియోజకవర్గాలు తర్వాతి సాధారణ ఎన్నికల దాకా ఎంపీ లేకుండానే ఉన్నాయి. సీటు ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆ ప్రాంతం తరఫున లోక్‌సభలో ప్రశ్న అడిగేవారు ఉండరు. ఎంపీ నిధుల కింద కొత్త పనికి సిఫారసు చేసేవారూ ఉండరు.

తర్వాత

2009లో కేసీఆర్ మహబూబ్‌నగర్‌కు మారి అక్కడ గెలిచారు. కరీంనగర్‌ను పొన్నం ప్రభాకర్ కాంగ్రెస్ ఖాతాలో వేశారు. నియోజకవర్గాల పునర్విభజనతో హన్మకొండ లోక్‌సభ స్థానమే లేకుండా పోయింది. అదే ఏడాది నవంబర్ 29న ఆమరణ దీక్షకు బయలుదేరిన కేసీఆర్‌ను పోలీసులు కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేశారు. ఈసారి ఉద్యమాన్ని ముందుకు తీసుకెళ్లింది రాజీనామా కాదు, దీక్ష.

ఉర్దూలో 'రాజీనామా' అంటే ఇరుపక్షాలు ఒప్పుకుని రాసుకునే రాజీ పత్రం. పదవి వదులుకోవడాన్ని అక్కడ 'ఇస్తీఫా' అంటారు. తెలుగులోకి వచ్చేసరికి రాజీనామాకే ఆ అర్థం స్థిరపడింది. కరీంనగర్ చరిత్ర చూస్తే పాత అర్థం కూడా పూర్తిగా పోలేదనిపిస్తుంది. ఎంపీ ఒక్కడే సంతకం పెడితే సరిపోదు, రెండో పక్షమైన ఓటరు కూడా ఒప్పుకోవాలి. 2006లో ఓటరు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. 2008లో అతి కష్టం మీద ఒప్పుకున్నాడు.