చేదు నారింజ సుగంధ తైలములు

చేదు నారింజ (శాస్త్రీయ నామము: సిట్రస్ ఆరాన్షియం) రూటేసి కుటుంబమునకు చెందిన చిన్న వృక్షము. ఇది పంపరపనస, కమలా జాతుల సంకరము. దీని తొక్క, ఆకులు, పూల నుండి మూడు వేర్వేరు సుగంధ తైలములు లభించును.

తొక్క నూనెను వేడి చేయకుండ పిండి తీయుదురు. ఇందులో 90 శాతమునకు పైగా లిమొనెన్ ఉండును. ఆవిరిగా మారని ఫ్యూరానోకౌమరిన్లు కూడ ఇందులో మిగులుటచే, ఈ నూనె పూసుకొని ఎండలో తిరిగిన చర్మము కమిలిపోవచ్చును.

ఆకులు, లేత కొమ్మలను ఆవిరితో స్వేదనము చేయగా పెటిట్‌గ్రెయిన్ నూనె వచ్చును. ఫ్రెంచి భాషలో ఈ పేరునకు 'చిన్న గింజ' అని అర్థము. పూర్వము దీనిని చిన్న పచ్చి కాయల నుండి తీసెడివారు. ఇందులో లినలైల్ అసిటేట్ ప్రధానమైనది.

పూల నుండి ఇదే పద్ధతిలో తీసిన నూనె నెరోలీ. 17వ శతాబ్దములో ఇటలీలోని నెరోలా రాకుమారి దీనిని వాడుకలోనికి తెచ్చుటచే ఆ పేరు వచ్చినది. కిలో నూనెకు సుమారు టన్ను పూలు కావలెను. ఇందులో లినలూల్ అధికము, లినలైల్ అసిటేట్ స్వల్పము. అయినను పూల పరిమళమునకు ముఖ్య కారణములలో ఇండోల్, మిథైల్ ఆంత్రానిలేట్ వంటివి అతి కొద్ది పాళ్ళలోనే ఉండును.

నూనెల విశ్లేషణ

నెరోలీ ఖరీదైనది కనుక అందులో చవకైన ఆకు నూనెను కలిపి అమ్ముట కద్దు. వాసన చూచి దీనిని పసిగట్టుట కష్టము. గ్యాస్ క్రొమటోగ్రఫీలో నూనెలోని పదార్థములు ఒకదాని తరువాత ఒకటిగా విడిపోవును. మాస్ స్పెక్ట్రోమీటరు వాటిని గుర్తించును. లినలైల్ అసిటేట్ పరిమితికి మించినచో ఆకు నూనె కలిసినదని అనుమానింతురు. కృత్రిమముగా చేసిన లినలైల్ అసిటేట్‌లో రెండు దర్పణ రూపములు సమానముగా ఉండును. చెట్టు తయారుచేయు దానిలో ఒక రూపమే అధికము. ప్రత్యేక కాలమ్ ఉపయోగించి ఈ కల్తీని కూడ పట్టుకొనవచ్చును.